కారణం రాయని లైను

నాకు అర్థం కాకుండా రాసిన ప్రోగ్రాము కనిపిస్తే ఒళ్లు మండుతుంది. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే జరిగిందంతా ఆ మంట వల్లే జరిగింది.

నా పేరు షెకినా. బీదర్ అంచున నౌబాద్‌లో, మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ప్రోగ్రామర్ని. మేం రాసే భాష పేరు అబాప్. ఆటలు తయారుచేసే భాష కాదు. ఎవరు పనిలోకి వచ్చారు, ఏ సరుకు ఏ షెడ్డులో ఉంది, ఏ లారీ ఎప్పుడు బయల్దేరింది, ఇలాంటి రోజువారీ వ్యవహారం నడపడానికి పుట్టిన భాష. అందులో ఒక లైను మొదట్లో నక్షత్రం గుర్తు పెడితే యంత్రం ఆ లైను చదవదు, దాటేసి పోతుంది. ఆ లైను మనిషి కోసం. దాన్ని కామెంటు అంటాం. ఈ పని ఎవరు చేశారో, ఏ రోజు చేశారో, ఎందుకు చేశారో తర్వాత వచ్చేవాళ్ల కోసం అక్కడ రాసిపెట్టాలి. చాలామంది రాయరు. ఉద్యోగం మారి వెళ్లిపోతారు. వాళ్ల మనసులో ఏముందో నేను ఇక్కడ కూర్చుని సోది చెప్పించుకోవాలి.

నాకు ముందు ఈ కుర్చీలో పదకొండేళ్లు పనిచేసిన గురునాథ్ గారు అలాంటివారు కాదు. నేను చేరేనాటికే ఆయన ఉద్యోగం మానేసి సొంతూరు బగ్దల్‌లో కంది, సోయా వేసుకుంటున్నారు. ఒక్కసారి కూడా చూడలేదు గాని, ఆయన కామెంట్లు చదివి ఆయన మీద ఇష్టం పెంచుకున్నాను. తెలుగులోనే రాసేవారు, అదీ మా బీదర్ మాటలో. 'తమ్మీ, ఈడ తేదీ ఉల్టా వస్తది, పరేషాన్ గాకు, కింద సీదా చేసిన.' 'తమ్మీ, ఈ లెక్క రెండుసార్లు ఎందుకంటే గేటు మిషన్ ఒక్కోపారి ఒకే కార్డును రెండుసార్లు చదువుతది.' తన తర్వాత ఆడపిల్ల వస్తుందని అనుకోలేదు పాపం. పది లైన్లకొక తమ్మీ. అవి చదువుతుంటే ఎవరో పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఓపిగ్గా చెబుతున్నట్టే ఉండేది.

ఆయన రాసినవాటిలో గొప్పది గేటు ప్రోగ్రాము. మా దగ్గర ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుతో ఒక కార్డు, ఒక ఇత్తడి బిల్ల ఇస్తారు. కార్డు గేటు దగ్గరా, ప్రతి ట్యాంకు దగ్గరా ఉన్న మిషనుకు చూపించాలి. దాన్నిబట్టి లోపల ఎంతమంది ఉన్నారో, ఎవరెవరు ఉన్నారో ప్రోగ్రాము లెక్కపెడుతుంది. బయటికి రాని మనిషి పేరును ఎవరూ చెరపలేరు, ఎన్నేళ్లయినా సరే. బిల్ల పద్ధతి అంతకంటే పాతది. కడగడానికి ట్యాంకులోకి దిగేవాడు తన బిల్లను బయట కొక్కేనికి తగిలించి దిగాలి. పైకొచ్చాక తనే తీసుకోవాలి. ఒకరి బిల్లను ఇంకొకరు ముట్టుకోరు. అన్నదమ్ములైనా ముట్టుకోరు. కొక్కేనికి బిల్ల ఉందంటే లోపల మనిషి ఉన్నాడని అర్థం.

ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ మొత్తం మూస్తారు. కరెంటు మెయిన్ తీసేముందు లెక్క సున్నాకు రావాలి. రాకపోతే లోపల మిగిలిన మనిషి పేరును మైకు దానంతట అదే మూడుసార్లు పిలుస్తుంది, పిలుపుకీ పిలుపుకీ మధ్య నాలుగు నిమిషాలు. అప్పటికీ రాకపోతే సేఫ్టీ మనిషి లోపలికి వెళ్లి వెతకాలి.

ఆ సేఫ్టీ మనిషి మా అన్న, బర్నబా.

నాకు ఉన్నది ఆయనొక్కడే. ఇద్దరం నౌబాద్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటూ, ఒకే బండి మీద పనికి వచ్చేవాళ్లం. నన్ను షెకీ అంటాడు. చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేసుకుంటాడు, నాలుగోది నేను చూడనప్పుడు వేసుకుంటాడు. ఆయన్ని ఎవరైనా పిలిస్తే పేరు సగం పలికేలోపే 'ఆ' అని తల తిప్పుతాడు. ప్రార్థనలో పాస్టర్ గారు వాక్యం మధ్యలో బర్నబా అనే పేరు చదివినా ఉలిక్కిపడి 'ఆ' అనేవాడు. పక్కన కూర్చున్న నాకు నవ్వు ఆగేది కాదు.

జులైలో మా సరుకు కొనేవాళ్ల తరఫున తనిఖీ వస్తుందన్నారు. ప్రతి ప్రోగ్రామూ చదివితే అర్థం కావాలి, కారణం లేని లైను ఉండకూడదు అన్నారు. నాకు పండగే. ఆ ఊపులో ఒక నియమం కూడా పెట్టేశాను. ఎవరు ఏ మార్పు చేసినా తేదీ, పేరు, కారణం రాయాలి. కారణం ఖాళీగా ఉన్నా, ఒక పూర్తి వాక్యం లేకపోయినా ఆ మార్పును వ్యవస్థ ఒప్పుకోదు. మా మేనేజరు భుజం తట్టాడు. ఇంటికెళ్లి అన్నకు గొప్పగా చెప్పుకున్నాను.

గేటు ప్రోగ్రాము చదువుతూ పోతే 212వ లైను దగ్గర ఆగాను. ఆరువందల లైన్లలో అక్కడొక్కచోటే కామెంటు లేదు. 34వ నంబరు వస్తే లెక్కలోకి తీసుకోకుండా దాటిపో... అంతే. తేదీ లేదు. పేరు లేదు. తమ్మీ లేడు. లైను పైన రెండు ఖాళీ వరుసలు మాత్రం ఉన్నాయి, ఏదో రాయబోయి మానుకున్నట్టు.

34 ఎవరా అని చూశాను. అబ్బయ్య అని పేరు ఉంది. గేటు దగ్గర ఇరవై ఏళ్లుగా కాపలా ఉన్న నర్సప్పను అడిగితే, "పాతోడమ్మా, ఇప్పుడు లేడు," అని బీడీ ఆర్పేసి లేచి పోయాడు. లేని మనిషికి లైను ఎందుకని నేననుకున్నాను. బగ్దల్‌కు ఒక్క ఫోను కొడితే పోయేది. కొట్టలేదు. ఇంత శ్రద్ధగా రాసిన మనిషి కూడా ఒకచోట బద్ధకించాడు, ఆయన మచ్చ నేనే తుడిచేస్తాను అన్న పొగరు నాది. శనివారం సాయంత్రం 212వ లైను తీసేశాను. కారణం అడిగిన చోట 'కారణం లేని లైను కాబట్టి తీసేశాను' అని రాశాను. వ్యవస్థ ఒప్పుకుంది.

మర్నాడు ఆగస్టు మొదటి ఆదివారం. పొద్దున్న ఒక జల్లు పడి ఆగింది. మామూలు రోజుల్లో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల శిక్షణ విమానాలు నెత్తిమీద రొద పెడుతుంటాయి. ఆదివారం అవి కూడా లేవు. ఒంటిగంటకు సైరన్ మోగింది. జనం టిఫిను డబ్బాలు ఊపుకుంటూ, కార్డులు చూపించుకుంటూ బండ్లెక్కి వెళ్లిపోయారు. ఒకటీ నలభైకల్లా గేటు గదిలో మిగిలింది నేను, అన్న, నర్సప్ప. రోడ్డుకు అవతల సంగమ్మ చాయ్ బండి మాత్రం తెరిచి ఉంది.

తెర మీద అంకె తగ్గుతూ వచ్చింది. తొమ్మిది. నాలుగు. ఒకటి.

ఒకటి దగ్గరే ఆగిపోయింది. లోపల ఒకరు, అబ్బయ్య.

నేను నాలుక కరుచుకున్నాను. పాత పేరేదో లెక్కలో ఉండిపోయిందన్నమాట, అందుకన్నమాట ఆ లైను. అన్నతో అదే చెబుతుండగా మైకు ఖణేలుమంది. రికార్డు చేసిన ఆడగొంతు కన్నడంలో తీరిగ్గా పిలిచింది. అబ్బయ్య, ముప్పై నాలుగు, గేటు దగ్గరికి రావాలి.

నర్సప్ప కుర్చీలోంచి లేచాడు. ఆయన మొహంలో రంగు లేదు.

"ఆ పేరు ఎవరు పిల్వమన్నరు?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

రోడ్డు అవతల సంగమ్మ చాయ్ పోస్తూ ఆగింది. గ్లాసు నిండి పొంగి కింద కారుతున్నా ఆమె చూసుకోవడం లేదు. మైకు వైపు చూస్తోంది. ఆమె అబ్బయ్య పెళ్లామని నాకు అప్పటికి తెలియదు.

రెండో పిలుపు, మూడో పిలుపు వరుసగా వచ్చాయి. మూడోది అయిన మరుక్షణం తెర మీద ఒక కొత్త వరుస వెలిగింది. ట్యాంకు నాలుగు దగ్గరి మిషనుకు ఎవరో కార్డు చూపించారు. నంబరు 34.

అన్న హెల్మెట్ తీసుకున్నాడు. ఎవరో పాత కార్డు పట్టుకుని తిరుగుతున్నట్టుంది, ఒక చుట్టు తిరిగొస్తానన్నాడు. నేను వద్దన్నాను. తప్పు నాదే, ప్రోగ్రాములో దిద్దేస్తాను, నువ్వు పోకు అన్నాను. ఆయన నవ్వాడు.

"నీ తప్పులు దిద్దుడే గదా నా డ్యూటీ. చాయ్ చెప్పి పెట్టు, షెకీ."

నర్సప్ప ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. అందలేదు. అన్న తడి బాట మీద బూట్లు చప్పుడు చేసుకుంటూ షెడ్ల వెనక్కి వెళ్లిపోయాడు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లకూడదు, మంటలంటుకునే ద్రవాలు ఉంటాయి. ఆయన ఫోను నా ముందు బల్ల మీదే ఉంది.

నేను గురునాథ్ గారికి ఫోన్ చేశాను. నర్సప్ప దగ్గర నంబరు ఉంది. పొలంలో ఉన్నట్టున్నారు, గాలి హోరు వినిపిస్తోంది. నేనెవరో చెప్పాను, 212వ లైను తీసేశానని చెప్పాను.

"మూడుసార్లు పిలిచిందా?" అన్నారు.

పిలిచిందన్నాను.

ఆయన తొందర తొందరగా చెప్పుకుపోయారు. పదేళ్ల కింద అబ్బయ్య నాలుగో ట్యాంకులో దిగాడు. బిల్ల తగిలించే దిగాడు. మళ్లీ ఎక్కలేదు. దీపాలు దించి చూశారు, ట్యాంకు అడుగు కోసి చూశారు. లోపల మనిషి లేడు. బట్ట ముక్క కూడా లేదు. గోడ దూకి పారిపోయాడని కంపెనీ రాసుకుంది. ఆ నెల మూత రోజు మైకు అతని పేరు పిలిచింది. మూడోసారి పిలవగానే నాలుగో ట్యాంకు దగ్గర కార్డు చప్పుడైంది. వెతకబోయినవాడు సగం దారిలోంచే పరుగెత్తుకొచ్చి, మళ్లీ ఫ్యాక్టరీ మొహం చూడలేదు. ఆ రాత్రే గురునాథ్ గారు ఆ పేరును మైకు ఎప్పటికీ పిలవకుండా ఒక లైను రాసిపెట్టారు.

"మరి కారణం ఎందుకు రాయలే సారూ?"

"ఏం రాస్తనమ్మా. సదివినోడు నమ్మడు. నమ్మకుంటే పోయి చూస్తడు. అందుకే రాయలే."

"రాయలేదనే నేను తీసేసిన."

ఆయన అడిగారు, లోపలికి ఎవరన్నా పోయారా అని. మా అన్న అన్నాను.

"లైను మళ్ల పెట్టు. తొందర్గ పెట్టు. ఆయన బిల్ల ఆ కొక్కేనికి తగిలిచ్చేలోపు..."

ఫోన్ పక్కన పడేసి ప్రోగ్రాము తెరిచాను. లైను కొట్టడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. భద్రపరచమని నొక్కాను. తెర మీద చిన్న పెట్టె వచ్చింది, కారణం రాయండి అని.

రెండు అక్షరాలు కొట్టాను. ఒప్పుకోలేదు. 'మళ్లీ పెట్టాను' అని కొట్టాను. ఒప్పుకోలేదు, పూర్తి వాక్యం కావాలంది. నేను పెట్టిన నియమమే. నా వేళ్లు ఆగిపోయాయి. ఏం రాయాలి... లోపల ఎవరో ఉన్నారని రాయాలా... లేని మనిషిని పిలవకూడదని రాయాలా... ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా నా బుద్ధి సరైన వాక్యం కోసం వెతుకుతూ కూర్చుంది. ఎంతసేపు అలా ఉన్నానో నాకు తెలియదు. నిమిషమో, రెండు నిమిషాలో. చివరికి 'గురునాథ్ గారు చెప్పారు కాబట్టి ఈ లైను మళ్లీ పెట్టాను' అని రాశాను. ఒప్పుకుంది.

అప్పుడే తెర మీద ఇంకో వరుస వెలిగింది. ట్యాంకు నాలుగు. నంబరు 58. అన్న నంబరు.

నా కార్డు చూపించి పరుగెత్తాను.

పట్టపగలు రెండు గంటలు. అయినా నాలుగో ట్యాంకు ఉన్న పాత షెడ్డులో మునిమాపు వెలుతురే ఉంటుంది. పైన మసిబారిన రేకుల మధ్య అక్కడక్కడా గాజుపలకలు, వాటిలోంచి పాలిపోయిన వెలుగు దిగుతోంది. రేకుల మీది నీళ్లు ఎక్కడో చుక్కచుక్కగా ఇనుము మీద పడుతున్నాయి. టప్... టప్... తుప్పు వాసన, పాత ద్రవాల ఘాటు. వాటి అడుగున ఇంకో వాసన. తియ్యగా, వెచ్చగా. పొయ్యి మీద బెల్లం కాగుతున్నట్టు. అక్కడ పొయ్యి లేదు. బెల్లమూ లేదు.

నాలుగో ట్యాంకు మూత తెరిచి ఉంది. పదేళ్లుగా దాన్ని ఎవరూ వాడలేదు.

కొక్కేనికి రెండు బిల్లలు ఉన్నాయి. ఒకటి నల్లబడి, అంచులకు పచ్చగా చిలుము పట్టింది. రెండోది మెరుస్తోంది. అది ఇంకా కొద్దిగా ఊగుతోంది.

"అన్నా," అన్నాను.

టప్... టప్...

"అన్నా... పోదాం రా..."

"వస్తున్న."

అన్న గొంతే. లోపలి నుంచి, చాలా లోతు నుంచి వచ్చింది. ఆ ట్యాంకు లోతు పన్నెండు అడుగులే. నిచ్చెన మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఒకటి... రెండు... మూడు... పది... పదిహేను... ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు... అన్ని మెట్లు దానికి లేవు...

భుజం మీద చెయ్యి పడింది.

వెనక అన్న నిలబడి ఉన్నాడు. హెల్మెట్ లేదు. జుట్టు తడిగా ఉంది.

"ఈడ ఎవ్వరు లేరు. నడు, బిడ్డా."

చెయ్యి చాచి, అటువైపు కూడా చూడకుండా, కొక్కెం మీంచి ఒక బిల్ల తీసి జేబులో వేసుకున్నాడు. ఏ బిల్ల తీశాడో నేను చూడలేదు. చూడాల్సింది. అన్న కనిపించాడన్న సంతోషం తప్ప నాకింకేమీ పట్టలేదు. లోపల ఎవరో మెట్లెక్కుతున్నారని అంటే, నీళ్ల చప్పుడన్నాడు. నేను నమ్మాను. నమ్మాలనుకున్నాను. షెడ్డు దాటుతుంటే వెనకాల ఇనుము మీద ఎవరో పిడికిలితో కొట్టారు. ఆయన నా రెక్క పట్టుకుని అడుగు వేగం పెంచాడు.

గేటు దగ్గర నేను కార్డు చూపించాను. ఆయన చూపించాడు. మిషను రెండుసార్లు కూసింది. 34వ నంబరును దాటించే లైను మళ్లీ ఉంది కాబట్టి అంకె సున్నా కావాలి.

ఒకటి ఉంది. లోపల ఒకరు, బర్నబా.

మైకు ఖణేలుమంది. బర్నబా, యాభై ఎనిమిది, గేటు దగ్గరికి రావాలి.

నేను అన్న వైపు చూశాను. ఆయన తల తిప్పలేదు. 'ఆ' అనలేదు. తన పేరు తన నెత్తిమీదే మోగుతుంటే, అది ఎవరి పేరో అన్నట్టు, రోడ్డు అవతల చాయ్ బండి వైపు చూస్తున్నాడు.

నర్సప్ప ఆయన్ని తేరిపార చూశాడు. గోడకు ఆనుకుని అడుగు అడుగూ జరిగి నా పక్కకొచ్చాడు.

"బిడ్డా... ఆపెయ్. మూడోసారి పిల్వనియ్యకు."

అన్న ఇక్కడ నా కళ్ల ముందు ఉన్నాడు. అయితే మూడోసారి పిలిస్తే ఆ షెడ్డులోంచి వచ్చేది ఎవరు... రెండో పిలుపు అయింది. ప్రోగ్రాము తెరిచి 212వ లైనులో 34 పక్కన 58 చేర్చాను. కారణం పెట్టెలో ఈసారి తడుముకోలేదు. '58వ నంబరు మనిషి బయటికి వచ్చేశాడు, మిషను తప్పు చదివింది' అని రాశాను. చక్కటి పూర్తి వాక్యం. వెంటనే ఒప్పుకుంది.

మూడో పిలుపు రాలేదు. అంకె సున్నా అయింది. నర్సప్ప మెయిన్ దించి, గేటుకు తాళం వేశాడు. లోపల ఎక్కడో ఇనుము మీద చప్పుడు ఇంకాసేపు వినిపించింది. దాన్ని మేమిద్దరం విన్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

సంగమ్మ తన బండి కింది నుంచి ఒక చిన్న గిన్నె తీసింది. అందరికీ చక్కెర చాయ్ పోసే మనిషి ఆ గిన్నెలోంచి బెల్లం తీసి వేసి, పాలు లేకుండా కాచి, కొంగు తల మీదికి లాక్కుని అన్నకు గ్లాసు అందించింది. అన్న రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగాడు. బెల్లం వాసనకే కడుపులో తిప్పుతుందనే మా అన్న.

సోమవారం పొద్దున్నే గేటు మిషను నమోదు చూశాను. ఆదివారం రెండున్నరకు నా తర్వాత బయటికి పోయిన కార్డు 34. తర్వాత నాలుగో ట్యాంకు దగ్గరికి వెళ్లాను. కొక్కేనికి ఒకే బిల్ల ఉంది. మెరుస్తోంది. 58.

దాన్ని నేను ముట్టుకోలేదు. పద్ధతి తెలుసు కదా... ఎవరి బిల్ల వాళ్లే తీసుకోవాలి.

అప్పటి నుంచి ఇవాళ్టికి నాలుగు వారాలు. ఇంట్లో ఉన్నాయన మంచివాడే. పనికి వస్తాడు, నేను పెట్టింది తింటాడు, నన్ను బిడ్డా అంటాడు. ఆదివారం ప్రార్థనకు రమ్మంటే తలనొప్పి అంటాడు. సాయంత్రాలు సంగమ్మ బండి దగ్గర కూర్చుంటాడు. ఆమె మొహం చూస్తే నాకు ఏమీ అనబుద్ధి కాదు. పదేళ్లు గేటు ఎదురుగా బండి పెట్టుకుని కూర్చున్న మనిషి.

కానీ ప్రతి రోజూ మధ్యాహ్నం రెండూ ఐదుకు తెర మీద ఒక వరుస వెలుగుతుంది. ట్యాంకు నాలుగు, నంబరు 58. లోపల మా అన్న కార్డు చూపిస్తున్నాడు. నేను లోపల ఉన్నాను, లెక్కపెట్టండి అంటున్నాడు. ఆయన్ని లెక్కపెట్టకుండా దాటిపొమ్మని రాసింది నేను. దాని పైన అబద్ధం రాసింది కూడా నేనే. ఆ సంగతి తలచుకుంటే నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

బగ్దల్ వెళ్లి గురునాథ్ గారిని కలిశాను. ఆయన పొలం గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చారు. మూడుసార్లు పిలిస్తే వస్తాడేమోనన్నారు. అయితే వచ్చేవాడికి బదులు ఇంకొకరి బిల్ల ఆ కొక్కేనికి ఉండాలేమో, తనకు తోచింది అంతే అన్నారు. నాకు తోచింది కూడా అదే.

అందుకే ఇదంతా రాస్తున్నాను. ప్రోగ్రాములో పట్టదు, కాగితాల మీద రాసి ఈ సొరుగులో పెడుతున్నాను. ఎల్లుండి సెప్టెంబరు మొదటి ఆదివారం. 212వ లైనులోంచి 58 తీసేస్తాను. మైకు మూడుసార్లు పిలవాలి. ఆ సమయానికి నేను నాలుగో ట్యాంకు దగ్గర ఉంటాను. నా నంబరు 211. సోమవారం ఈ కుర్చీలోకి నేను వస్తే ఈ కాగితాలు చింపేస్తాను. నేను రాకుండా మీరు వచ్చి ఇవి చదువుతుంటే, మా అన్న గేటు బయట ఉంటాడు, నా మొహంతో కనిపించినా అది మా అన్నే. మూడు చెంచాల చక్కెర వేసి చాయ్ ఇప్పించండి. నా గురించి అడిగితే ఏదో ఒకటి చెప్పండి. నన్ను వెతకడానికి మాత్రం లోపలికి పోనివ్వకండి.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. లైను ఎలా ఉందో చివరిసారి చూసుకుందామని ఇప్పుడే ప్రోగ్రాము తెరిచాను.

212వ లైను పైన, గురునాథ్ గారు వదిలేసిన రెండు ఖాళీ వరుసల్లో, ఒక కామెంటు ఉంది. పొద్దున్న లేదు. 'తీయొద్దు' అని ఉంది. ఇవాళ్టి తేదీ ఉంది. పేరు బర్నబా అని ఉంది.

మా అన్నకు ప్రోగ్రాములు రావు, ఇందులోకి రావడానికి అనుమతి కూడా లేదు. లోపల ఉన్న అన్న నా మీద ప్రేమతో రాశాడా, ఇంట్లో ఉన్నాయన తన కోసం రాశాడా అని తెలుసుకోవడానికి కారణం పెట్టె తెరిచి చూశాను.

అది ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంటే వ్యవస్థ ఒప్పుకోదు.